డీజిలా, హైబ్రిడ్డా? నంద్యాల రోడ్లు చెప్పే లెక్క

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు జాతీయ రహదారి 40 మీద దాదాపు 40 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రం అయ్యాక ఆ రోడ్డుకు పని ఎక్కువైంది. కలెక్టరేట్ పని పడితే ఒకప్పుడు కర్నూలు దాకా పోయి రాత్రికి ఇల్లు చేరినవాళ్లు ఇప్పుడు నంద్యాలలోనే పని ముగించుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తున్నారు. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. విత్తనాల కంపెనీల ఉద్యోగులు, పత్తి వ్యాపారులు, టీచర్లు, అహోబిలం యాత్రికులను తిప్పే టాక్సీవాళ్లు, అందరికీ రోజు ఈ దారి మీదే గడుస్తుంది. వీళ్లలో కారు కొనాలనుకునేవాళ్లు ఇప్పుడు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారు. అలవాటైన డీజిల్ తీసుకోవాలా, కొత్తగా వచ్చిన హైబ్రిడ్ తీసుకోవాలా?

షోరూములో దీనికి జవాబు చాలా తేలిగ్గా దొరుకుతుంది. మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లని కంపెనీ చెబుతుంది. టొయోటా హైరైడర్‌కూ అదే అంకె. హ్యుందాయ్ క్రెటా డీజిల్ మాన్యువల్‌కు 21.8. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మాట్లాడటానికేమీ లేదనిపిస్తుంది. కానీ అవి ప్రయోగశాలలో రోలర్ల మీద కొలిచినవి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, ఎలాంటి రోడ్డు మీద, ఎన్నేళ్ల పాటు అన్నవి అడగకుండా ఫలానా కారే చవక అని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

సీమలో కారంటే డీజిలే

ఈ ప్రాంతానికి డీజిల్‌తో ఉన్న అనుబంధం పాతది. పొలానికీ కోర్టుకూ పెళ్లికీ ఒకే బండిగా తిరిగిన మహీంద్రా జీపులు డీజిలే. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో వచ్చిన క్వాలిస్, 2005లో దాని స్థానంలోకి వచ్చిన ఇన్నోవా ఇక్కడ డీజిల్ బళ్లుగానే జనానికి తెలుసు. ఫ్యాక్షన్ సినిమాలు సుమోను సీమకు గుర్తుగా మార్చేశాయి గానీ, నిజంగా ఆ బళ్లు ఇక్కడ నిలబడింది పదిమంది ఎక్కినా లాగే బలం వల్ల, చవకగా దొరికే ఇంధనం వల్ల.

ఆ చవక ఎంతటిదో ఇప్పటి కుర్రవాళ్లకు చెబితే నమ్మరు. పెట్రోల్ ధర మీద నియంత్రణను కేంద్రం 2010లోనే ఎత్తేసింది, డీజిల్‌ను మాత్రం పట్టి ఉంచింది. 2012 మే నెలలో పెట్రోల్ ధర ఒక్కసారిగా పెంచినప్పుడు ఢిల్లీలో రెండింటి మధ్య తేడా లీటరుకు 30 రూపాయలు దాటింది. అటువంటి రోజుల్లో డీజిల్ కారు కొనడానికి లెక్కలు వేసుకోవాల్సిన పనే లేదు. లక్ష రూపాయలు ఎక్కువ పెట్టినా రెండేళ్లలో తిరిగొచ్చేది.

2014 అక్టోబరులో డీజిల్ మీద కూడా నియంత్రణ పోయింది. తేడా ఏడాదికేడాది కరిగిపోయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు వచ్చాయి. పొగను శుభ్రం చేసే ఖరీదైన పరికరాలు పెట్టక తప్పని పరిస్థితి రావడంతో మారుతి డీజిల్‌ను పూర్తిగా వదిలేసింది. స్విఫ్ట్, డిజైర్ డీజిల్ కార్లతో పల్లెల దాకా పాకిన కంపెనీయే తప్పుకుంది. రెనో, నిస్సాన్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కూడా అదే దారి పట్టాయి. 2023లో నిజమైన రోడ్డు మీద పొగను కొలిచే రెండో దశ నిబంధనలు రాగానే హోండా వెనక్కు తగ్గింది. మిగిలింది ప్రధానంగా హ్యుందాయ్, కియా, టాటా, మహీంద్రా, టొయోటాల్లో కొన్ని మోడళ్లు.

సరిగ్గా ఆ ఖాళీలోకే హైబ్రిడ్లు వచ్చాయి. 2022 మే నెలలో హోండా సిటీ హైబ్రిడ్, అదే ఏడాది సెప్టెంబరులో గ్రాండ్ విటారా, హైరైడర్, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘స్మార్ట్ హైబ్రిడ్’ అని వెనుక రాసి ఉన్న కారేదీ ఈ కోవలోకి రాదు. ఎర్టిగా, బ్రెజా వంటి వాటిలో ఉన్నది ఇంజన్‌కు కొద్దిగా చేయూతనిచ్చే చిన్న మోటారు మాత్రమే. అది కారును తనంత తాను నడపలేదు. ఈ వ్యాసంలో హైబ్రిడ్ అంటే ఇంజన్ ఆపేసి మోటారు మీదే కొంత దూరం నడవగల కారు. షోరూములో దాన్ని ‘స్ట్రాంగ్ హైబ్రిడ్’ అంటారు.

ఒకే రోడ్డు, రెండు స్వభావాలు

హైబ్రిడ్‌కు ప్లగ్ ఉండదు, ఛార్జింగ్ పెట్టే పని లేదు. పెట్రోల్ ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది, మధ్యలో చిన్న బ్యాటరీ ఉంటుంది. హైరైడర్‌లో ఆ బ్యాటరీ 0.76 యూనిట్ల కరెంటును మాత్రమే పట్టుకోగలదు. ఇంట్లో ఒక ఏసీ గంటలోపు తినేసేంత. అంత చిన్న బ్యాటరీ ఇంత మైలేజీ ఎలా తెస్తుందంటే, అది నిమిషనిమిషానికీ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు ఆ వేగమంతా బ్రేకు పళ్లేల దగ్గర వేడిగా పోతుంది. హైబ్రిడ్‌లో చక్రాలు మోటారును తిప్పి కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతోనే కారు మళ్లీ కదులుతుంది. ఇంజన్ తనకు అనువైన వేగంలో ఉన్నప్పుడే పనిచేసి, మిగతా సమయంలో ఆగిపోతుంది.

అంటే హైబ్రిడ్ లాభమంతా ఆగడంలో, కదలడంలో ఉంది. నంద్యాల శ్రీనివాస సెంటర్‌లో సాయంత్రం ఆరు గంటలప్పుడు, సంజీవనగర్ గేటు దగ్గర, స్కూళ్లు వదిలే వేళ పద్మావతి నగర్‌లో డీజిల్ కారు నిలబడి ఇంధనం కాలుస్తుంటే హైబ్రిడ్ ఇంజన్ చాలాసేపు ఆగే ఉంటుంది. ఎండాకాలం ఈ తేడా ఇంకా పెద్దది. నంద్యాలలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. మహానంది గుడి దగ్గర పిల్లల్ని, ముసలివాళ్లను కారులో కూర్చోబెట్టి ఏసీ వేయాలంటే డీజిల్ ఇంజన్ ఆగకుండా తిరగాలి. హైబ్రిడ్‌లో ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది, ఛార్జ్ తగ్గినప్పుడు మాత్రం ఇంజన్ కొన్ని నిమిషాలు లేచి మళ్లీ నిద్రపోతుంది.

అదే కారు శిరివెళ్ల దాటి నాలుగు వరసల రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటే కథ మారుతుంది. బ్రేకు లేదు, ఆగడం లేదు, పట్టుకోవడానికి కరెంటు లేదు. అప్పుడది మంచి పెట్రోల్ కారు, అంతే. డీజిల్ ఇంజన్‌కు ఇదే సొంత ఇల్లు. గాలిని గట్టిగా నొక్కి ఆ వేడికే ఇంధనం మండించడం దాని పద్ధతి. ఆ పద్ధతి ఇంధనాన్ని పొదుపుగా వాడుతుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్‌ కన్నా ఎక్కువ శక్తి ఉంటుంది. నిలకడగా సాగే దూరప్రయాణంలో ఈ రెండూ కలిసొస్తాయి.

ఘాట్ రోడ్ల సంగతి ఈ రెంటికీ నడుమ ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల దారిలోనో, దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే మలుపుల్లోనో దిగేటప్పుడు హైబ్రిడ్ కరెంటు పట్టుకుంటుంది గానీ, చిన్న బ్యాటరీ కాసేపట్లోనే నిండిపోతుంది. ఆ తర్వాత దిగే దూరమంతా ఇంజన్ బ్రేకింగ్ మీదే.

ఇక రూపాయల్లోకి వద్దాం. ఈ లెక్కకు లీటరు పెట్రోల్ 110 రూపాయలు, డీజిల్ 98 రూపాయలు అనుకుందాం. ఇంచుమించు ఒకే సైజున్న మూడు కార్లు తీసుకుందాం: మామూలు పెట్రోల్, డీజిల్, హైబ్రిడ్. ఏసీ వేసుకుని మామూలుగా నడిపే మనిషికి ఊళ్లో పెట్రోల్ 11, డీజిల్ 14, హైబ్రిడ్ 23 కిలోమీటర్లు ఇస్తాయనీ, హైవే మీద పెట్రోల్ 16, డీజిల్ 20, హైబ్రిడ్ 20 ఇస్తాయనీ పెట్టుకుంటే, ఊళ్లో కిలోమీటరుకు పెట్రోల్ కారు 10 రూపాయలు, డీజిల్ 7 రూపాయలు, హైబ్రిడ్ 4 రూపాయల 78 పైసలు తింటాయి. హైవే మీద పెట్రోల్ 6 రూపాయల 88 పైసలు, హైబ్రిడ్ 5 రూపాయల 50 పైసలు, డీజిల్ 4 రూపాయల 90 పైసలు.

ఈ చివరి అంకెల దగ్గర కాస్త ఆగాలి. హైవే మీద డీజిల్, హైబ్రిడ్ రెండూ లీటరుకు 20 కిలోమీటర్లే ఇచ్చాయి. డీజిల్ గెలిచింది ఇంజన్ గొప్పతనం వల్ల కాదు, లీటరు మీద ఉన్న 12 రూపాయల తేడా వల్ల. ఆ తేడాలో పెద్ద భాగం పన్నులది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్ ఉంటే డీజిల్ మీద 22.25 శాతం. రెండింటి మీదా లీటరుకు అదనంగా 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి ఉన్నాయి. కేంద్రం ఎక్సైజ్ సుంకం కూడా డీజిల్ మీద తక్కువ. పదేళ్ల పాటు ఉంచుకునే కారును ఈ 12 రూపాయల మీద నమ్మకంతో కొంటున్నామన్న స్పృహ డీజిల్ కొనేవాళ్లకు ఉండాలి. ఒకప్పటి 30 రూపాయల తేడా ఎలా కరిగిపోయిందో ఇదే తరం చూసింది.

ముగ్గురు మనుషులు, మూడు జవాబులు

కొనేటప్పుడు మామూలు పెట్రోల్ కారు కన్నా డీజిల్‌కు లక్షన్నర, హైబ్రిడ్‌కు రెండు లక్షల డెబ్బయి అయిదు వేలు ఎక్కువ అనుకుందాం. వేరియంట్‌ను బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది, కొనేవాళ్లు తమ కొటేషన్‌లోని అంకెలు పెట్టుకోవచ్చు. ఆ ఎక్కువ డబ్బును 9 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పుగా తెస్తే డీజిల్‌కు అయ్యే అదనం 1 లక్షా 87 వేలు, హైబ్రిడ్‌కు 3 లక్షల 42 వేలు అవుతుంది. మైలేజీ చూసి మురిసిపోయే చాలామంది ఈ వడ్డీని లెక్కలోకి తీసుకోరు. ఒక్క హైబ్రిడ్ అదనం మీదే 67 వేల రూపాయల వడ్డీ అది.

మొదటి మనిషి ఆళ్లగడ్డలో ఉంటూ రోజూ నంద్యాలలో ఉద్యోగానికి వచ్చిపోతాడు. ఏడాదికి 24 వేల కిలోమీటర్లు, అందులో 20 వేలు హైవే. ఇంధనానికి ఏటా పెట్రోల్ కారుకు 1 లక్షా 77 వేల 500, హైబ్రిడ్‌కు 1 లక్షా 29 వేలు, డీజిల్‌కు 1 లక్షా 26 వేలు. పదేళ్లకు వడ్డీతో కలిపి చూస్తే పెట్రోల్ కన్నా డీజిల్ 3 లక్షల 28 వేలు ఆదా చేస్తుంది, హైబ్రిడ్ 1 లక్షా 41 వేలు. ఇతనికి డీజిలే సరైన కారు. ఇందులో తర్జనభర్జన అక్కర్లేదు.

రెండో మనిషి నంద్యాలలో స్థిరపడ్డ టీచరమ్మ. బడి, బజారు, పిల్లల ట్యూషన్, నెలకోసారి మహానంది, ఏడాదికి రెండుసార్లు తిరుపతి. మొత్తం 8 వేల కిలోమీటర్లు, 5 వేలు ఊళ్లోనే. పదేళ్లకు ఇంధనం, అదనపు ధర, వడ్డీ కలిపితే పెట్రోల్‌కు 7 లక్షల 6 వేలు, డీజిల్‌కు 6 లక్షల 84 వేలు, హైబ్రిడ్‌కు 7 లక్షల 46 వేలు. డీజిల్ 22 వేలు తక్కువని చూసి తొందరపడకూడదు. ఎందుకో కింద వస్తుంది. ఆమెకు మామూలు పెట్రోల్ కారు కన్నా మంచిది లేదు. ఇంత తక్కువ తిరిగే ఇంటికి హైబ్రిడ్ అమ్మడం అంటే వాళ్ల డబ్బును పదేళ్లు షెడ్డులో నిలబెట్టడమే. నంద్యాల, ఆళ్లగడ్డల్లో కార్లున్న ఎన్నో కుటుంబాల వాడకం ఈ టీచరమ్మ వాడకంలాగే ఉంటుంది. వాళ్లకు ఈ వ్యాసం చెప్పదలచిన ముఖ్యమైన సంగతి అదే.

మూడో మనిషి మందుల కంపెనీ ప్రతినిధో, విత్తనాల కంపెనీ ఉద్యోగో. పొద్దున్నుంచి ఊళ్లో పాతిక చోట్ల ఆగాలి, బనగానపల్లె, కోవెలకుంట్ల, రుద్రవరం బజార్లలో దూరి రావాలి. ఏడాదికి 20 వేల కిలోమీటర్లలో 14 వేలు ఇలా ఆగుతూ సాగేవే. ఇతనికి ఇంధనం ఖర్చు ఏటా పెట్రోల్ కారుతో 1 లక్షా 81 వేలు, డీజిల్‌తో 1 లక్షా 27 వేలు, హైబ్రిడ్‌తో 1 లక్ష. పదేళ్లకు వడ్డీ కలిపినా డీజిల్ కన్నా హైబ్రిడ్ దాదాపు 1 లక్షా 19 వేలు మిగులుస్తుంది. హైబ్రిడ్ పుట్టింది ఇటువంటి వాడకానికే.

ఇక టాక్సీ. అహోబిలం, యాగంటి, మహానంది, శ్రీశైలం, తిరుపతి తిరిగే బండి ఏడాదికి 60 వేల కిలోమీటర్లు చేయడం కష్టం కాదు. ఇన్నోవా క్రిస్టా డీజిల్ లీటరుకు 13, హైక్రాస్ హైబ్రిడ్ 16 ఇస్తాయనుకుంటే కిలోమీటరుకు 7 రూపాయల 54 పైసలు, 6 రూపాయల 88 పైసలు. అంటే హైక్రాస్ ఏటా 40 వేలు మిగులుస్తుంది. క్రిస్టా కింది వేరియంట్‌కూ హైక్రాస్ హైబ్రిడ్ మొదటి వేరియంట్‌కూ మధ్య ఆరు లక్షల తేడా ఉందనుకుంటే ఆ డబ్బు తిరిగి రావడానికి 15 ఏళ్లు. టాక్సీ ఎవరూ అన్నేళ్లు ఉంచుకోరు.

దానికన్నా పెద్ద సంగతి వారంటీలో ఉంది. హైబ్రిడ్ బ్యాటరీకి టొయోటా, మారుతి, హోండా మూడూ ఇచ్చేది 8 ఏళ్లు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. పైన చెప్పిన టీచరమ్మకు ఎనిమిదేళ్లూ దక్కుతాయి. ఏడాదికి 60 వేలు తిరిగే టాక్సీకి మూడేళ్లు కూడా నిండకుండానే కిలోమీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత బ్యాటరీ చెడినా బాగున్నా యజమాని అదృష్టమే. ప్రకటనలో ‘8 సంవత్సరాలు’ పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, టాక్సీవాళ్లు చదవాల్సింది మాత్రం పక్కనున్న కిలోమీటర్లను. చట్రం మీద కట్టిన బండి, వెనుక చక్రాలకు బలం పోయే క్రిస్టా నిండా మనుషులతో, లగేజీతో ఘాట్లెక్కే పనికి అలవాటైనది కూడా. హైక్రాస్‌లో చట్రం వేరుగా లేదు, బలం ముందు చక్రాలకు పోతుంది. సౌకర్యంలో దానిదే పైచేయి, మోటుపనికి మాత్రం క్రిస్టా.

గ్యారేజీలో తేలే తేడా

టీచరమ్మ డీజిల్ కొనకూడదని చెప్పడానికి కారణం డీపీఎఫ్ అనే జల్లెడ. బీఎస్6 డీజిల్ కార్ల పొగగొట్టంలో ఉండే ఈ జల్లెడ నల్లటి మసిని పట్టి ఉంచుతుంది. మసి నిండినప్పుడు దాన్ని కాల్చేసుకోవాలి. అందుకు పొగ బాగా వేడెక్కాలి. హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు నిలకడగా 60, 70కి పైన వేగంతో పోతే కారు ఆ పని తానే చేసుకుంటుంది. ఆళ్లగడ్డ–నంద్యాల మధ్య రోజూ తిరిగే కారుకు ఈ బాధే తెలియదు. ఇంటి నుంచి బడికి మూడు కిలోమీటర్లు పోయి ఆగే కారులో ఇంజన్ వేడెక్కక ముందే ప్రయాణం అయిపోతుంది. మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే బండి లాగుడు తగ్గి, చివరికి వర్క్‌షాప్‌కు చేరుతుంది. జల్లెడను కాల్చడానికి ఎక్కువగా చల్లిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లో కలిసే ప్రమాదమూ ఉంది. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. పదేళ్లలో మిగిలే ఆ 22 వేలు ఒక్క దెబ్బకు పోతాయి.

డీజిల్‌లో టర్బో ఉంటుంది, అత్యధిక ఒత్తిడితో ఇంధనం చల్లే ఇంజెక్టర్లు ఉంటాయి, చాలా మోడళ్లలో యూరియా ద్రావణం పోయాల్సి వస్తుంది. లక్ష కిలోమీటర్లు దాటాక ఇవి ఒక్కొక్కటే ఖర్చు పెట్టించే భాగాలు. రైతుల ఇళ్లలో ఇంకో అలవాటుంది. ట్రాక్టర్ కోసం డ్రమ్ములో నిల్వ చేసిన డీజిల్‌ను అవసరానికి కారులో పోస్తారు. పాత జీపు దాన్ని తట్టుకునేది. అందులోని చెమ్మ, దుమ్ము ఇప్పటి ఇంజెక్టర్లకు విషం. దయచేసి ఆ పని చేయకండి.

హైబ్రిడ్‌లో ఈ గొడవలు తక్కువ. టొయోటా పద్ధతి హైబ్రిడ్లలో క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, టర్బో లేదు. బ్రేకు పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. జపాన్‌లో 1997 డిసెంబరులో మొదటి ప్రియస్ అమ్మిన నాటి నుంచి ఈ యంత్రాంగం ప్రపంచమంతా టాక్సీలుగా కూడా తిరిగి రుజువైనదే. దాని మన్నిక గురించి భయపడాల్సింది లేదు.

భయపడాల్సింది దగ్గరలో చేయి తెలిసినవాళ్లు లేకపోవడం గురించి. క్రిస్టా, బొలెరో ఎక్కడ ఆగిపోయినా ఆళ్లగడ్డలో, చాగలమర్రిలో ఇంజన్ విప్పగల మేస్త్రీ దొరుకుతాడు. హైబ్రిడ్‌లో నారింజ రంగు తీగల్లో ప్రాణం తీయగల వోల్టేజీ ఉంటుంది. శిక్షణ లేనివాళ్లు వాటి మీద చేయి వేయకూడదు. బ్యాటరీకి చల్లగాలి అందించే జాలీ చాలా హైబ్రిడ్లలో క్యాబిన్‌లోనే ఉంటుంది. నల్లరేగడి దుమ్ము, పత్తి నూగు, సిమెంటు ఫ్యాక్టరీల పొడి ఉన్న ఈ ప్రాంతంలో ఆ జాలీ మూసుకుపోతే ఎండాకాలం బ్యాటరీ ఉడికిపోతుంది. ప్రతి సర్వీసులో దాన్ని శుభ్రం చేయించడం చవకైన పని, చేయించకపోవడం ఖరీదైన తప్పు.

పన్నుల్లో మాత్రం ఇటీవల గాలి డీజిల్ వైపు తిరిగింది. 2025 సెప్టెంబరు 22కు ముందు పెద్ద డీజిల్ ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం, పెద్ద హైబ్రిడ్ల మీద 43 శాతం ఉండేవి. ఆ రోజు నుంచి రెండూ 40 శాతమే. హైబ్రిడ్‌కు ఉన్న ఏడు శాతం మేలు పోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు ఇంజన్ ఉన్న చిన్న డీజిల్ కార్లకు పన్ను 31 నుంచి 18 శాతానికి తగ్గింది. నెక్సాన్ డీజిల్, సోనెట్ డీజిల్ వంటివి ఈ కోవలోవి. వాటికి పోటీగా చిన్న హైబ్రిడ్లు మన మార్కెట్లో ఇంకా గట్టిగా రాలేదు. థర్డ్ పార్టీ బీమాలో హైబ్రిడ్లకు 7.5 శాతం తగ్గింపు 2022 నుంచి ఉంది గానీ, అది ఏడాదికి కొన్ని వందల రూపాయలు. దాని కోసం కారు ఎంచుకోనక్కర్లేదు. లైఫ్ టాక్స్ కారు ధర మీద శాతంగా వేస్తారు కాబట్టి ఎక్కువ ధర కారుకు ఆ మేరకు ఎక్కువ పడుతుంది.

అమ్మేటప్పటి ధర గురించి కచ్చితంగా చెప్పడం కష్టమే అయినా దిశ కనిపిస్తోంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను రోడ్డెక్కనివ్వకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీం కోర్టు 2018లో దాన్ని నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటి నిషేధం లేదు, ఇక్కడ పాత ఇన్నోవాకు ఇప్పటికీ మంచి ధర పలుకుతుంది. ఐరోపాలో మాత్రం 2015లో ఫోక్స్‌వ్యాగన్ పొగ మోసం బయటపడ్డప్పుడు కొత్త కార్లలో సగం డీజిలే, 2024కు వాటి వాటా 12 శాతానికి పడిపోయింది. చిన్న మోటారు మాత్రమే ఉన్నవాటిని కూడా కలిపి లెక్కిస్తే హైబ్రిడ్లు 30 శాతం దాటాయి. ఆ గాలి ఇక్కడికి ఎంత వేగంగా వస్తుందన్నది పదేళ్ల తర్వాత అమ్మబోయే వాళ్ల సమస్య. అయిదేళ్లలో మార్చేవాళ్లను అది పెద్దగా తాకదు.

కారు బుక్ చేసే ముందు రెండు పనులు చేయండి. ఇప్పుడున్న కారు మీటరు చూసి ఏడాదికి నిజంగా ఎంత తిరుగుతున్నారో, అందులో హైవే ఎంతో కాగితం మీద రాయండి. 12 వేల కిలోమీటర్ల లోపు అయితే మామూలు పెట్రోల్ కారు చూడండి. అంతకు బాగా ఎక్కువై, ఎక్కువ భాగం హైవే అయితే డీజిల్, ఎక్కువ భాగం ఊళ్లోనే అయితే హైబ్రిడ్. రెండోది, డీలర్‌ను నోటిమాట కాకుండా రాతపూర్వకంగా రెండు ధరలు అడగండి: హైబ్రిడ్ అయితే వారంటీ తీరాక బ్యాటరీ ధర, డీజిల్ అయితే డీపీఎఫ్ ధర. దానితో పాటు ఆ పని చేయగల వర్క్‌షాప్ నంద్యాలలో ఉందా, కర్నూలుకు పోవాలా అన్నది కూడా రాయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చాకే అడ్వాన్సు కట్టండి.